ఆంప్ మోసేవాడి గోడు

తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి స్టీల్ గిటార్ వాయించేవాళ్లు ఇద్దరు ఒకచోట చేరితే సంగీతం గురించి మాట్లాడుకుంటారని ఒకప్పుడు అనుకునేవాణ్ని. మాట్లాడుకోరు. ఆంప్లిఫయర్ల గురించి మాట్లాడుకుంటారు. మూడోవాడు వచ్చి చేరితే పోట్లాట మొదలవుతుంది. నీకు నచ్చిన ఆంప్ ఏదంటే ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెబుతారు. నచ్చనిది ఏదంటే మాత్రం పక్కవాడు ఇప్పుడే చెప్పిన పేరు చెబుతారు.

మా బావగారు ఈ కోవకు చెందిన మనిషి. నాకు సంగీతం రాదు, మోయడం వచ్చు. బల్లలా నిలబెట్టి, కింద పెడళ్లు తొక్కుతూ వాయించే రెండు మెడల పెడల్ స్టీల్, పెట్టెతో కలిపి 30 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది; దాన్ని బావగారు ప్రాణంతో సమానంగా చూసుకుంటారు కాబట్టి ఎవరినీ ముట్టుకోనివ్వరు. ఆంప్‌ని మాత్రం బామ్మర్దికి ఇస్తారు. అందుచేత ఆంప్‌ల విషయంలో నా అభిప్రాయాలన్నీ చెవిలోంచి కాక నడుములోంచి వచ్చినవే.

మామూలు గిటార్ వాయించేవాడికి ఆంప్ కాస్త చెడిపోయినట్టు మోగితేనే తృప్తి. దానికి డిస్టార్షన్ అని పేరుపెట్టి, అది చాలక డబ్బు పోసి పెడళ్లు కొని మరీ ఇంకాస్త చెడగొట్టుకుంటాడు. స్టీల్ వాయించేవాడు దీనికి పూర్తిగా తలకిందులు. తీగ మీద కడ్డీ జారితే ఏ శబ్దం పుట్టిందో, అవతల స్పీకర్‌లోంచి అదే రావాలి. మధ్యలో ఆంప్ తన సొంత తెలివి చూపించకూడదు. “మంచి ఆంప్ అంటే ఏమీ చెయ్యని ఆంప్ రా” అంటారు బావగారు. ఏమీ చెయ్యకుండా కూర్చోడానికి అంత బరువెందుకో మాత్రం చెప్పరు.

ఒకసారి అక్క అడిగింది, ఇంట్లో కూర్చుని వాయించుకునేదానికి రెండొందల వాట్లు దేనికని. న్యాయమైన ప్రశ్నే. కానీ సమాధానం కూడా న్యాయంగానే ఉంది. తీగ మీటగానే పుట్టిన శబ్దం ఆ క్షణం నుంచే తగ్గడం మొదలుపెడుతుంది. స్టీల్ వాయించేవాడు కుడికాలు వాల్యూమ్ పెడల్ మీద పెట్టి, సగమే తొక్కి మొదలుపెడతాడు. శబ్దం తగ్గేకొద్దీ పెడల్‌ని కొంచెం కొంచెంగా నొక్కుతూ పోతాడు. స్వరం ఆరిపోకుండా అలా సాగుతూనే ఉంటుంది, వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఆ మిగిలిన సగం తొక్కేటప్పుడు ఆంప్‌కి ఇంకా ఓపిక ఉండాలి. ఆ ఓపిక పేరే హెడ్‌రూమ్. రెండొందల వాట్లూ గోల కోసం కాదు, పాదం కింద దాచిపెట్టుకోవడానికి. ఇదంతా విన్న అక్క “అయితే ఆ దాచిందేదో దాచే ఉంచండి, పిల్లలు పడుకున్నారు” అంది.

బావగారికి ఆంప్‌ల మీద ఈ అధికార ధోరణి ఊరికే రాలేదు. 1932లో అమ్మకానికి వచ్చిన రికెన్‌బాకర్ వారి “ఫ్రైయింగ్ పాన్” ఒళ్లో పెట్టుకుని వాయించే స్టీల్ గిటారే. బజారులో నిలబడిన తొలి ఎలక్ట్రిక్ గిటార్ అదేనని చెబుతారు. లియో ఫెండర్ కూడా 1945 ప్రాంతంలో డాక్ కాఫ్‌మన్‌తో కలిసి పెట్టిన చిన్న కంపెనీలో ముందు చేసింది అలా ఒళ్లో పెట్టుకునే ల్యాప్ స్టీళ్లూ, వాటికి ఆంప్‌లూ. ఆయన పేరు మోగించిన మామూలు ఎలక్ట్రిక్ గిటార్లు ఆ తర్వాతి సంగతి. కాబట్టి ప్రపంచంలోని ఆంప్‌లన్నీ మా స్టీల్ వాళ్ల కోసమే పుట్టాయి, తర్వాత గిటార్ వాళ్లు లాక్కున్నారు అన్నది బావగారి వాదన. నేను ఒప్పుకుంటాను. ఒప్పుకోకపోతే రికార్డులు తీసి వినిపిస్తారు.

ఇక ఆయన పూజించే ఆంప్‌లు. మొదట 1953లో బాబ్ క్రుక్స్ చేసిన స్టాండెల్ 25ఎల్15. 25 వాట్లు, 15 అంగుళాల జేబీఎల్ స్పీకర్, అంతే. స్పీడీ వెస్ట్ అంతటి స్టీల్ వాద్యకారుడు దాన్ని వాడాడు. ఆ రోజుల్లో 25 వాట్లతో గడిచిపోయిందన్నమాట. అప్పటి బామ్మర్దులు అదృష్టవంతులు. తర్వాత ఫెండర్ ట్విన్ రివర్బ్. 85 వాట్లు, పాతకాలపు రేడియోల్లో ఉండే గాజు ట్యూబులు, రెండు 12 అంగుళాల స్పీకర్లు, దాదాపు 29 కిలోలు. ఇందులో స్పీకర్లు మార్చి పాత జేబీఎల్‌లు పెడితే ఇంకా బాగుంటుందని స్టీల్ వాళ్లలో గట్టి నమ్మకం. నిజంగానే బాగుంటుందట. బరువు కూడా ఇంకా బాగా పెరుగుతుంది.

ఆ తర్వాత 1970లలో స్టీల్ వాళ్ల చేతికి ట్యూబులకు బదులు ట్రాన్సిస్టర్లున్న ఆంప్ వచ్చింది. గిటార్ లోకంలో ట్యూబు లేని ఆంప్ పేరెత్తితే ముఖం తిప్పుకుంటారు. స్టీల్ వాళ్లకు ఆ పట్టింపులు లేవు, శుభ్రంగా మోగితే చాలు. అందుకే మిసిసిపీలోని మెరిడియన్‌లో హార్ట్‌లీ పీవీ పెట్టిన కంపెనీ సెషన్ 400 తెస్తే ఎగబడి కొన్నారు. దాని వెనకే వచ్చిన నాష్‌విల్ 400 అయితే ఇక ఇంటి దైవం. 210 వాట్లు, 15 అంగుళాల స్పీకర్. దాని మీద మిడ్ శబ్దాన్ని, అంటే మరీ బొంగురూ మరీ కీచూ కాని మధ్య శబ్దాన్ని, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర తగ్గించాలో ఎంచుకునే షిఫ్ట్ అనే నాబ్ ఒకటుంది. స్టీల్ వాళ్లలో చాలామంది దాన్ని 800 హెర్ట్జ్ దగ్గర పెట్టి, అక్కడి శబ్దాన్ని కోసేస్తారు. స్టీల్ గిటార్ ముక్కుతో పాడినట్టు అనిపించే చోటు సరిగ్గా అదేనట. బావగారైతే ఆ నాబ్ మీద చిన్న గీత గీసి, దాని చుట్టూ టేపు అంటించి, ఇంట్లోవాళ్లందరినీ పిలిచి చూపించారు. దుమ్ము తుడిచేటప్పుడు అక్క ఆ నాబ్‌ని తప్పించి మిగతాదంతా తుడుస్తుంది.

ఈ మధ్య క్లాస్-డి అనే తేలికపాటి ఆంప్‌లు వచ్చాయి. క్విల్టర్ లాంటి కంపెనీలు రెండు మూడు కిలోల హెడ్‌లో, అంటే స్పీకర్ లేని ఆంప్ పెట్టెలో, 200 వాట్లు కూరి ఇస్తున్నాయి. స్పీకర్లలో కూడా నియోడిమియం అయస్కాంతాలు పెట్టి బరువు తగ్గించారు. ఆ కంపెనీలవాళ్లెవరో నాకు తెలియదు గానీ వాళ్ల పిల్లాపాపలు చల్లగా ఉండాలి. పోరగా పోరగా బావగారు అలాంటి హెడ్ ఒకటి కొన్నారు. నెల తిరక్కుండానే పెదవి విరిచారు.

“ఇందులో ఏదో తక్కువైందిరా.”

“బరువు బావగారూ.”

ఆ పూట అన్నం వడ్డించేటప్పుడు కూడా ఆయన నాతో మాట్లాడలేదు. మళ్లీ ట్విన్ బయటికొచ్చింది.

నచ్చని ఆంప్‌ల జాబితా ఇంత పొడుగు లేదు. ఎన్ని వాదాలున్నా స్టీల్ వాళ్లందరూ కలిసికట్టుగా అసహ్యించుకునే ఆంప్ ఒక్కటే: మనం వెళ్లేసరికి స్టేజీ మీద ముందే ఉన్నది. ఆ సంగతి నాకు బాగా తెలిసొచ్చిన రోజొకటుంది.

ఒక కార్యక్రమం నిర్వాహకుడు ఫోన్ చేసి, ఆంప్ మీరు తెచ్చుకోనక్కర్లేదండీ, మా దగ్గరే వంద వాట్లది పెద్దది ఉంది అన్నాడు. బావగారు నీళ్లు నమిలారు. నేను పక్కనుంచి తల ఊపుతూనే ఉన్నాను. అలా మొదటిసారి చేతులూపుకుంటూ కచేరీకి వెళ్లాను.

స్టేజీ ఎక్కి చూస్తే నా ఛాతీ ఎత్తున నల్లటి ఆంప్, ముందు పుర్రె బొమ్మ స్టిక్కరు. రెండు చానళ్లు. ఒకదాని మీద క్రంచ్ అని, రెండోదాని మీద లీడ్ అని రాసి ఉంది; రెండూ శబ్దాన్ని చెడగొట్టేవే. మూడోది ఉంటుందేమోనని బావగారు కళ్లజోడు పెట్టుకుని వెనక్కి కూడా వెళ్లి చూశారు.

“బాబూ, క్లీన్ చానల్ ఎక్కడ?”

సౌండ్ చూసే కుర్రాడు జాలిగా నవ్వాడు. “క్లీన్ ఎవరు వాడుతున్నారు సార్ ఈ రోజుల్లో?”

సరే, వైరు తగిలించారు. ఇక్కడొక చిక్కుంది. తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే తీగచుట్టను పికప్ అంటారు. మామూలు గిటార్ సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట) పికప్ ఆరేడు కిలో ఓములుంటే, స్టీల్ పికప్ 17 నుంచి 20 దాకా ఉంటుంది. అంత ఎక్కువ తీగ చుడతారు, అంత గట్టిగా సిగ్నల్ పంపుతుంది. అసలే గెయిన్ మీద, అంటే వచ్చిన సిగ్నల్‌ని పగిలేదాకా పెంచడం మీద, బతికే ఆ ఆంప్‌కి ఈ సిగ్నల్ తోడైంది. బావగారు మెల్లగా, ప్రేమగా, ఒకే ఒక్క స్వరం మీటి పెడల్ నొక్కారు. సీసాలో పడ్డ కందిరీగలా మోగింది. నొక్కినకొద్దీ కందిరీగకు కోపం పెరిగింది.

“అదిరింది సార్!” అన్నాడు కుర్రాడు.

గెయిన్ తగ్గించారు, మిడ్ తగ్గించారు, ట్రెబుల్ తగ్గించారు. కందిరీగ కొంత శాంతించింది. అది ఆగాక దాని వెనకాల ఇంకో శబ్దం బయటపడింది. బర్ర్‌ర్... ఆపకుండా. కారణం స్టేజీ లైట్లు. డిమ్మర్లు కరెంటును ముక్కలు ముక్కలుగా కోసి వెలుగు తగ్గిస్తాయి. ఆ కోతలో పుట్టే రొదను సింగిల్ కాయిల్ పికప్ యాంటెనాలా పట్టేస్తుంది. వేల చుట్లు తీగ ఉన్నందుకు అదొక శిక్ష. డిమ్మర్ పెట్టె స్టేజీకి ఎడమ పక్కన ఉంది. బావగారిని కూర్చోబెట్టింది సరిగ్గా దాని పక్కనే.

లైట్లు ఆపమంటే నిర్వాహకుడు ఒప్పుకోలేదు. వీడియో తీస్తున్నారట. ఇక మిగిలింది జరగడమే. కుర్చీ, స్టీలు, పెడళ్లు, బావగారు, అందరం కలిసి కుడివైపు ఒక అడుగు జరిగాం. రొద కొంచెం తగ్గింది. ఇంకో అడుగు. ఇంకొంచెం తగ్గింది. బావగారు తల పక్కకు వాల్చి, వైద్యుడు నాడి చూసేటప్పటి ముఖం పెట్టి వింటున్నారు. “ఇంకా... ఇంకా... కొంచెం... ఆఁ, ఇక్కడ!” అన్నారు. రొద పూర్తిగా ఆగింది. నేను తలెత్తి చూశాను. సగం బావగారు స్టేజీ మీద ఉన్నారు, సగం పక్క తెర లోపల ఉన్నారు. అర అడుగు ఇటు జరిపితే బర్ర్‌ర్. అటు జరిపితే మనిషే కనబడరు.

“ఇలాగే వాయిస్తాను” అన్నారు. స్టీల్ వాళ్లకు ముఖం కనబడకపోయినా ఫర్వాలేదు, రొద వినబడితే మాత్రం నిద్రపట్టదు.

ఇంతలో కార్యక్రమం మొదలైపోయింది. ఒక పెద్దాయన మైకు ముందు నిలబడి గంభీరంగా ఉపన్యాసం అందుకున్నారు. ఇక్కడ మాకు కొత్త చిక్కు. మేము జరిగాం గానీ ఆంప్ జరగలేదు, వైరు బిర్రబిగుసుకుపోయింది. పెడల్ మీద కాలేస్తే ఊడేలా ఉంది. సౌండ్ కుర్రాడు హుషారైనవాడు. “ఒక్క నిమిషం సార్” అని, స్విచ్చి ఆపకుండానే ఆంప్‌ని పట్టి గట్టిగా లాగాడు.

ఆ ఆంప్‌లో స్ప్రింగ్ రివర్బ్ ఉంది. అంటే లోపల ఒక రేకు పెట్టెలో సన్నటి స్ప్రింగులు వేలాడుతుంటాయి. శబ్దం వాటి గుండా పోయి ప్రతిధ్వనిగా బయటికొస్తుంది. అవి మెత్తగా పనిచేసేది పెట్టె కదలనంతవరకే. కుదిపితే స్ప్రింగులన్నీ ఒకదానికొకటి కొట్టుకుంటాయి, ఆ మోత నేరుగా వంద వాట్లలోకి వెళుతుంది. “మన సంస్థ ఇన్నేళ్లుగా సాధించినది...” అని పెద్దాయన చెయ్యెత్తేసరికి ఆకాశం విరిగిపడ్డట్టు ఉరుము ఉరిమింది. గ్రాం... డాం... డిరిడిరిడిరి అని కాసేపు దొర్లింది. పెద్దాయన ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ముందు వరసలో ఒకాయన పైకప్పు వైపు చూశాడు.

తర్వాత జనం చప్పట్లు కొట్టారు. ఏర్పాట్లలో భాగమే అనుకున్నట్టున్నారు. పెద్దాయన కూడా తేరుకుని చిరునవ్వు నవ్వి, తర్వాతి వాక్యం దగ్గర చెయ్యెత్తి మావైపు ఆశగా చూశారు. కుర్రాడు ఇంకోసారి లాగబోతే నేను వాడి చొక్కా పట్టుకుని ఆపాను.

బావగారి వంతు వచ్చింది. వాల్యూమ్ ఒకటికి దించి, ఆంప్ ముందు మైకు పెట్టించి, తెరలో సగం ఉండి వాయించారు. ప్రేక్షకులకు కనబడింది కడ్డీ పట్టుకున్న ఎడమచెయ్యి, పెడళ్ల మీద ఎడమపాదం. మీటే చెయ్యీ, ముఖమూ తెర వెనక. చెయ్యి అటు జారితే స్వరం అటు వెళుతోంది, ఇటు వణికితే ఇటు వణుకుతోంది. పిల్లలు కొందరు సీట్లలోంచి లేచి తెర వెనక ఎవరున్నారా అని వంగి చూశారు. నిజం చెప్పొద్దూ, బాగా మోగింది. అంత చిన్న వాల్యూమ్‌లో ఆ పుర్రె ఆంప్ కూడా నోరు మూసుకుని మర్యాదగా పనిచేసింది. ఆ మాట ఇంతవరకు బావగారి దగ్గర అనలేదు.

అంతా అయ్యాక నిర్వాహకుడు వచ్చి నా చేతులు పట్టుకుని ఊపేశాడు. “అద్భుతం సార్! ఆ ఉరుము మాత్రం మళ్లీ కార్యక్రమానికి కూడా కావాలి” అన్నాడు. వాయించింది నేను కాదు, వారు అని చూపిస్తే, “ఓహో, చెయ్యి గారు!” అన్నాడు.

తిరుగుదారిలో చాలాసేపు బావగారు నోరు విప్పలేదు. తర్వాత నిర్ణయం ప్రకటించారు.

“ఇక ఎవరేమిచ్చినా సరే, మన ఆంప్ మనతోనే వస్తుంది. అసలు ఒకటి కాదు, రెండు పట్టుకెళ్దాం. ఒకదాంట్లో ఏ ప్రతిధ్వనీ కలపని డ్రై సౌండ్, రెండోదాంట్లో రివర్బూ డిలేయూ. పెద్దపెద్దవాళ్లు చాలామంది అలాగే చేస్తారు.”

“రెండూ నేనే మొయ్యాలా బావగారూ?”

“ఛఛ, ఏం మాటరా అది? ఒకటి నేను పట్టుకుంటాను.”

పట్టుకున్నారు కూడా. తర్వాతి కచేరీకి ఆ తేలికపాటి హెడ్‌ని చంకలో పెట్టుకుని ముందు నడిచారు. దాని స్పీకర్ పెట్టె, ట్విన్, వైర్ల సంచీ మెట్ల కింద నాకోసం ఎదురుచూస్తున్నాయి.