బెయిలొచ్చింది, మనిషి రాలేదు

మా వీధి చివర ఇస్త్రీ బండి కుర్రాడికి బెయిలొచ్చి 19 రోజులైంది. మనిషి మాత్రం ఇంకా జైల్లోనే! సెల్‌ఫోన్ దొంగతనం కేసు. తీశాడో లేదో నాకు తెలీదు, అది కోర్టు తేల్చాలి. వాళ్లమ్మ బతిమాలితే జామీను ఉంటానన్నా. ఇంటిపన్ను రసీదు తెమ్మన్నారు, తెచ్చా. నాకు అంత ఆస్తి ఉందని చెప్పే సాల్వెన్సీ సర్టిఫికెట్ కోసం తాసీల్దారు ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగా. తీరా కోర్టుకు తీసుకెళ్తే, "మీ ఇల్లు పక్క జిల్లాలో ఉందండీ, కుదరదు" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. 1978లోనే సుప్రీంకోర్టులో మోతీరామ్ అనే ఆయన కేసులో సరిగ్గా ఇదే గొడవ. ఆయనో తాపీమేస్త్రీ, అడిగింది 10,000 రూపాయల జామీను, జామీను ఉంటానన్న సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కింది కోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ అదేం న్యాయమని గట్టిగానే చీవాట్లు పెట్టారు. ఈ మాట కోర్టు గుమాస్తాతో అంటే నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు.

దేశం మొత్తమ్మీద జైళ్లలో 100 మందిలో 70 మందికి పైగా విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలనివాళ్లే. ఎందుకుండరు మరి! డబ్బున్నోడైతే పొద్దున బెయిలొస్తే సాయంత్రానికి ఇంట్లో కాఫీ తాగుతుంటాడు. ఈ తల్లి మాత్రం రేపు మళ్లీ పని మానుకుని, ఈ జిల్లాలో సొంతిల్లున్న వాడెవడా అని గుమ్మం గుమ్మం తిరగాలి.