షికాగో కోర్టు గంట కూలిన రాత్రి కాలిపోయిన కాగితాలు

షికాగో డౌన్‌టౌన్‌లో సిటీ హాల్ ముందు నుంచి మనవాళ్ళు రోజూ ఎంతమంది నడిచి వెళ్తుంటారో, కానీ రాండాల్ఫ్, క్లార్క్, వాషింగ్టన్, లసాల్ వీధుల మధ్య ఉన్న ఆ ఒక్క బ్లాకులోనే కుక్ కౌంటీ (షికాగో ఉన్న, మన జిల్లా లాంటిది) కోర్టులు ఒకదాని తర్వాత ఒకటి కట్టారని చాలామందికి తెలీదు. 1831లో కౌంటీ ఏర్పడింది, 1835లో ఓ మూలన చిన్న ఇటుకల కోర్టు లేచింది. ఊరు పెరిగి అది చాలకపోయేసరికి 1853కల్లా జాన్ వాన్ ఆస్డెల్ గీసిన ప్లాన్‌తో పెద్ద రాతి బిల్డింగ్ వచ్చింది. 1865 మేలో లింకన్ భౌతికకాయాన్ని జనం చూడ్డానికి ఉంచింది అందులోనే.

1871 అక్టోబర్ 8 రాత్రి ఊరు అంటుకుంది. గోడలు రాతివే గానీ పైన గోపురం చెక్కది, నిప్పురవ్వలు దాని మీదే పడ్డాయి, కింద జైల్లో ఉన్న ఖైదీలను వదిలేశారు, గోపురంలోని గంట మాత్రం మోగుతూనే ఉండి తెల్లవారుజామున రెండు దాటాక గోపురంతో సహా కూలిపోయింది.

ఈ కథ ఎవరు చెప్పినా గంట దగ్గర ఆపేస్తారు, నాకు అక్కడే బాధ. అసలు పోయింది కాగితాలు. కౌంటీలో ఏ స్థలం ఎవరిదో చెప్పే రిజిస్ట్రేషన్ పుస్తకాలన్నీ బూడిదయ్యాయి. అదృష్టం ఏంటంటే టైటిల్ వివరాలు, అంటే ఏ భూమి మీద ఎవరికి హక్కుందో రాసుకునే మూడు ప్రైవేటు కంపెనీలు తమ పుస్తకాల్లో కొన్నింటిని మంటల్లోంచి బయటికి తెచ్చుకోగలిగాయి, 1872లో ఇల్లినాయ్ ప్రత్యేకంగా చట్టం చేసి వాటిని కోర్టుల్లో సాక్ష్యంగా ఒప్పుకుంది. అంటే సర్కారు దాచాల్సింది పోయి, వ్యాపారులు తమ అవసరానికి రాసుకున్నది మిగిలింది!

తర్వాత 1885లో కొత్త బిల్డింగ్ పూర్తయింది, పాతికేళ్ళు కూడా నిలబడలేదు. ఇప్పుడున్న స్తంభాల బిల్డింగ్ హోలాబర్డ్ అండ్ రోచ్ అనే ఆర్కిటెక్టుల డిజైన్, సిటీ హాల్ భాగంతో కలిపి 1911కి పూర్తయింది. 1965లో ఎదురుగా 31 అంతస్తుల సివిక్ సెంటర్ లేచింది, ఇప్పుడు డేలీ సెంటర్ అంటారు, కోర్టులు అందులోకి వెళ్ళాయి.

బిల్డింగులు మళ్ళీ వచ్చాయి గానీ ఆ మంట భయం మాత్రం చాలా ఏళ్ళు ఉండిపోయింది. 1897లో ఇల్లినాయ్ టోరెన్స్ పద్ధతి తెచ్చింది, అంటే భూమి హక్కుకి కౌంటీ రిజిస్టరే గ్యారంటీ అన్నమాట. రాష్ట్రం మొత్తంలో దాన్ని తీసుకుంది కుక్ కౌంటీ ఒక్కటే, 1990ల్లో అదీ ఎత్తేశారు. మొన్న 2024 ఎన్నికల్లో ఆంధ్రాలో ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద అంత గొడవైంది, ఆ ఏడాదే రద్దు కూడా చేశారు, అక్కడ జనం అడిగింది కూడా ఇదే కదా, నా భూమి కాగితం ఎవరి చేతిలో ఉంటుందని. అందుకే మన దగ్గర కోర్టుకైనా రిజిస్ట్రార్ ఆఫీసుకైనా కొత్త బిల్డింగ్ శంకుస్థాపన అంటే నేను ముందు అడిగేది రికార్డు రూం ఎక్కడ పెడుతున్నారు, రెండో కాపీ ఏ ఊళ్ళో దాస్తున్నారు అని.