క్వార్టర్ విద్యకు గుర్తింపు ఇవ్వండి

విశాఖపట్నంలో ఉన్నత విద్య ఎక్కడ మొదలవుతుందని అడిగితే, అమాయకులు 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు వేలు చూపిస్తారు. నిజానికి అది ఫ్రెషర్స్ పార్టీ రాత్రి, రుషికొండ ఇసుకలో, సీనియర్ ఒకడు ప్లాస్టిక్ గ్లాసు చేతిలో పెట్టి "ఒక్క పెగ్గేరా తమ్ముడూ" అన్న క్షణాన మొదలవుతుంది. ప్రవేశ పరీక్ష లేని ఈ విద్యకు ఇంతవరకు ప్రభుత్వ గుర్తింపు లేకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

విద్యార్థి పూర్వరంగం చూడండి. ఇంటర్ రెండేళ్లూ తెల్లవారకముందే లేపి, రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టి, కన్నతల్లితో ఫోన్‌లో మాట్లాడాలన్నా వార్డెన్ దయ ఉండాలన్నంత క్రమశిక్షణతో పెంచుతాం. ఇథనాల్ ఫార్ములా నిద్రలో అడిగినా చెప్పగల ఆ పిల్లవాడికి, అది కడుపులో పడితే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆపైన బీటెక్ హాస్టల్ గేటు దగ్గర పెట్టె, బకెట్టు దించి, "బుద్ధిగా చదువుకో నాయనా" అని వచ్చేస్తాం. మిగతా సిలబస్ సీనియర్లు పూర్తి చేస్తారు.

21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదని రాష్ట్ర చట్టం చెబుతోంది. కానీ మద్యం దుకాణం దగ్గర కొత్తగా మొలిచిన మీసమే వయసు ధ్రువీకరణ పత్రం. పైగా 2024 అక్టోబరు నాటి కొత్త మద్యం విధానం పుణ్యమా అని 180 మిల్లీలీటర్ల క్వార్టర్ 99 రూపాయలకూ దొరుకుతోంది. అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కాలేయమన్నది పాతకాలపు గుమాస్తా వంటిది: గంటకు ఏ ఎనిమిదో పదో గ్రాముల ఫైలు మాత్రమే కదుపుతుంది, మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం వంటి సిఫార్సులను లక్ష్యపెట్టదు. ఖాళీ కడుపుతో, నీళ్లు కలపకుండా, పందెం మీద పావుగంటలో క్వార్టర్ ఎత్తినవాడి ఫైళ్లు తెల్లవారేదాకా తెమలవు.

ప్రాక్టికల్స్ మరీ ఘనం. ఫ్లాట్ అయిపోయిన జూనియర్‌ని గదిలో వెల్లకిలా పడేసి, "పడుకుంటే దిగిపోద్దిలే" అని తలుపు దగ్గరకు వేస్తారు. గ్లాసు పక్కన పెట్టాక కూడా కడుపులో మిగిలినది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుందనీ, వెల్లకిలా ఉన్నవాడికి వాంతి వస్తే ఊపిరి ఆడదనీ, ఒక పక్కకు తిప్పి, దగ్గరే కూర్చుని, 108కి ఫోన్ చేయాలనీ ఏ సీనియర్‌కీ తెలియదు. తెలిసినా చేయడు. 108 వస్తే వార్డెన్‌కి తెలుస్తుంది, వార్డెన్‌కి తెలిస్తే నాన్నకి తెలుస్తుంది. ప్రాణం కన్నా పరువు ముఖ్యమని నేర్పింది మనమే కదా.

ఈ గుర్తింపు అర్జీ మీద సంతకం కోసం ఆదివారం సాయంత్రం ఎంవీపీ కాలనీలో ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్లాను. ఆయన పూర్తిగా చదివి, "ఈ కాలం పిల్లలు బొత్తిగా పాడైపోతున్నారండీ" అని నిట్టూర్చి, లోపలికి తిరిగి కేకేశారు: "ఒరేయ్ చిన్నా, ఫ్రిజ్‌లోంచి ఐసు పట్రా. కిందికెళ్లి రెండు సోడాలూ, మంచింగూ కూడా."