ఆట పాతదే, చప్పట్లే కొత్తవి

భారీ రోబో యంత్రాన్ని మనమే కూర్చుకుని నడిపే వీడియో గేమ్ ‘ఆర్మర్డ్ కోర్ 6: ఫైర్స్ ఆఫ్ రూబికాన్’ 2023 ఆగస్టు 25న విడుదలైనప్పుడు విమర్శకులు పోటీపడి పొగిడారు. రివ్యూల మార్కులను కూడి సగటు తీసే మెటాక్రిటిక్ సైట్‌లో నూటికి 85 దాటింది. ఆ ఏడాది గేమ్ అవార్డుల్లో ఉత్తమ యాక్షన్ గేమ్ బహుమతీ దానికే దక్కింది. దక్కాల్సిందే. అయితే ఇదే సిరీస్‌లో 2006 నాటి నాలుగో భాగానికి, 2008 నాటి ‘ఫర్ ఆన్సర్’కు, 2012 నాటి ఐదో భాగానికి వచ్చిన సగటు అరవైల్లోనే ఉంది. అప్పుడు ముఖం చిట్లించిన వృత్తే ఇప్పుడు చప్పట్లు కొట్టింది.

మధ్యలో ఏం జరిగింది? 2011లో డార్క్ సోల్స్, 2022లో ఎల్డెన్ రింగ్ వచ్చాయి. వీటినీ ఆర్మర్డ్ కోర్‌నూ తయారుచేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ పేరు వింటేనే విమర్శకులు వినయంగా కూర్చునే రోజులు వచ్చాయి. ఇందులో అసలు వినోదం మరొకటి ఉంది. నేడు అందరూ మేధావి అని కీర్తించే హిదెతాకా మియాజాకీయే నాలుగో భాగానికి, ‘ఫర్ ఆన్సర్’కు దర్శకుడు. అరవై మార్కులతో సరిపెట్టింది ఆయన పనికే! ఆరో భాగాన్ని నడిపించినది మసారు యమమురా. ఏ ఎండకా గొడుగు పట్టడమంటే ఇదే.

ఆట నిజంగానే మెరుగుపడింది కదా అని కొందరంటారు. మిషన్ మధ్యలో చెక్‌పాయింట్లు (ఓడితే మళ్లీ మొదలుపెట్టే చోట్లు), మరమ్మతు కిట్లు, ఓడిన చోటే యంత్రాన్ని మార్చుకునే వీలు వచ్చాయి. శత్రువు నిలకడ తప్పేదాకా కొట్టి ఆపై విరుచుకుపడే పద్ధతీ వచ్చింది. ఒప్పుకుంటాను. ఇవి కొత్తవారికి దారి సుగమం చేశాయి. ఇరవై మార్కుల తేడాకు మాత్రం ఇవి చాలవు.

ఎందుకంటే ఈ ఆట ప్రాణం పోరాటంలో కన్నా యంత్రాన్ని కూర్చుకునే గ్యారేజీలో ఎక్కువ. తల, మొండెం, చేతులు, కాళ్లు, బూస్టర్, జనరేటర్ అన్నీ విడివిడిగా ఎంచుకోవాలి. రెండు కాళ్లా, నాలుగు కాళ్లా, ట్యాంకు చక్రాలా అన్న ఒక్క నిర్ణయంతో ఆడే తీరే మారిపోతుంది. బరువైన ఫిరంగి తగిలిస్తే కాళ్లు మోయలేవు. కాళ్లు మారిస్తే జనరేటర్ చాలదు. అది మారిస్తే వేగం పోతుంది. నచ్చని విడిభాగాన్ని కొన్న ధరకే అమ్మేయవచ్చు కనుక ఎన్ని ప్రయోగాలు చేసినా జేబుకు చిల్లు పడదు. గెలిచి వచ్చాక కూడా తూటాల ఖర్చు, మరమ్మతు ఖర్చు జీతంలోంచి కోసేస్తారు. 1997 నాటి మొదటి భాగంలోనూ లెక్క ఇదే. ఇంతటి ఆలోచనను పాత రివ్యూల్లో మెనూల చిక్కుముడిగా చప్పరించి, కొత్త రివ్యూల్లో లోతైన నిర్మాణంగా మెచ్చుకున్నారు.

తప్పు మనుషుల కన్నా గడువుది. విడుదల రోజుకు రివ్యూ సిద్ధం కావాలి. ఆ హడావిడిలో కంటికి ఆనేది బాస్ (పెద్ద శత్రువు) పోరాటమే తప్ప గ్యారేజీ కాదు. ఆరో భాగంలో మూడోసారి ఆడితేగానీ చివరి ముగింపు తెరుచుకోదు. కొత్త మిషన్లు, కొత్త ఎంపికలు ఆ రెండో, మూడో ఆటల్లోనే ఉన్నాయి. ఒక్కసారి పూర్తిచేసి మార్కులు వేసినవారు చూసినదెంత? బాల్టియస్ అనే బాస్ చుట్టూ ఎన్ని ఫిర్యాదులు రాశారో గుర్తుందిగా. సెప్టెంబరులోనే ప్యాచ్ (ఆటను సవరించే అప్‌డేట్) వచ్చి దాని కోరలు కాస్త పీకేసింది. మార్కులు మాత్రం ఆ పాత బాల్టియస్‌ను చూసి వేసినవే.

సినిమాకైనా ఆటకైనా తొలిరోజు అంకెను శాశ్వత తీర్పుగా పరిగణించే ఈ అలవాటు పోవాలి. ఆట విడుదలైన ఏడాదికి పత్రికలు రెండో రివ్యూ వేయాలి, దానికే మార్కులు ఇవ్వాలి. తొలిరోజు రివ్యూలో అంకె అసలు ఉండకూడదు. ఈ పద్ధతిని ‘ఫర్ ఆన్సర్’తోనే మొదలుపెట్టమని నా డిమాండ్. అరవైలు ఇచ్చిన సంస్థల్లో కొన్ని ఇంకా నడుస్తూనే ఉన్నాయి.