ఫొటోల బరువు తగ్గించాకే మాకు బుకింగులు పెరిగాయి

హోటల్ వెబ్‌సైట్ త్వరగా తెరుచుకుంటే నేరుగా బుకింగులు వస్తాయని ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో రాసింది నూటికి నూరుపాళ్లు నిజం. అరకులో మాకు 14 గదుల లాడ్జి ఉంది. పాత సైటులో గదుల ఫొటోలు ఒక్కోటి 5 ఎంబీ పైనే, కెమెరాలో తీసినవి తీసినట్టే పెట్టేశాం. ఘాట్ రోడ్డులో సిగ్నల్ అంతంతమాత్రం. కారులో వస్తూ గది కోసం వెతికేవాళ్లకు తెల్లటి తెరే కనిపించేది. విసుగొచ్చి బుకింగ్ యాప్‌లోకి వెళ్లిపోయేవాళ్లు. వంద రూపాయల అద్దెలో 20 ఆ యాప్‌కే పోయేది.

పోయిన ఏడాది మా అమ్మాయి కూర్చుని సైటు మొత్తం మళ్లీ కట్టింది. ఫొటోలన్నీ వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో ఫార్మాట్‌లోకి మార్చి, కిందున్నవి కిందకు జరిపినప్పుడే లోడయ్యేలా పెట్టింది. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ కొలత. ఇప్పుడు మాది ఆ లోపే తెరుచుకుంటోంది. తేదీ, అద్దె, యూపీఐ బటన్ మొదటి తెరమీదే ఉంటాయి.

ఆ వ్యాసంలో రాని మాట ఒకటి: ఫోన్ నంబరు కూడా పైనే పెట్టండి. మా దగ్గరికొచ్చే పెద్దవాళ్లు ఇప్పటికీ "పొద్దున్నే వేడినీళ్లొస్తాయా బాబూ?" అని అడిగాకే డబ్బు కడతారు.