పక్క షట్టర్ సిద్ధాంతం

మనిషిలో వ్యాపార బుద్ధి ఎక్కడ పుడుతుందన్న విషయం మీద హన్మకొండలో ఒక చాయ్ బండి దగ్గర నిలబడి కొన్నేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. తేలింది ఒక్కటే. మనవాళ్లు పెట్టుబడి చూసి దుకాణం పెట్టరు, పక్క షట్టర్ చూసి పెడతారు.

మా గల్లీలో ఒకాయన టిఫిన్ సెంటర్ తెరిచాడు. "పాపం, పిల్లలున్నోడు" అని అందరూ జాలిపడ్డారు. ఆర్నెల్లకు ఆయన పాత స్కూటర్ పోయి బుల్లెట్ బండి వచ్చింది. ఉగాదికల్లా ఏడు టిఫిన్ సెంటర్లు! ఏడింటా అదే అల్లం చట్నీ, అవే నీలం కుర్చీలు. బోర్డులు రాసిన పెయింటరు కూడా ఒక్కడే; నిజంగా బాగుపడింది అతనేనని నా అనుమానం.

ఎనిమిదో షట్టర్‌లో ఒక పిలగాడు మొబైల్ రిపేరు పెట్టి ఏడాదికే మూసేశాడు. బుల్లెట్ మహిమ రెండు గల్లీలు దాటలేదు గానీ, ఆ మూసిన షట్టర్ కథ కాజీపేట దాకా పోయింది. "గా పిలగాని లెక్కనే అయితవ్ బిడ్డా" అని ఇప్పటికీ ఇంటింటా పాఠం.

దీనికి చరిత్ర ఉంది. 1934లో నిజాం జమానాలో వరంగల్‌కు ఆజంజాహి బట్టల మిల్లు వచ్చింది. మా తాతలకు ఆదర్శం మిల్లు పెట్టినవాళ్లు కాదు, నెల తిరిగేసరికి అందులోంచి జీతం తెచ్చే పక్కింటాయన. మిల్లు మూతబడ్డా మిల్స్ కాలనీ పేరు మిగిలింది, జీతం మీద మోజూ మిగిలింది. పెళ్లిచూపుల్లో "పిలగాడు బిజినెస్ చేస్తడు" అంటే, "అంటే ఖాళీగనే ఉంటడా?" అని అడుగుతారు.

వరంగల్ కొత్తవాడలో తరాలుగా షత్రంజీలు, అంటే నేల మీద పరిచే నూలు డర్రీలు, నేస్తున్నారు. 2018లో ఈ వరంగల్ డర్రీలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా దక్కింది. నూలు ధర, రంగు ఖర్చు, రాని బాకీ అన్నీ వాళ్లకు నోటి లెక్కలే. కాలేజీ సదస్సుకు మాత్రం ముఖ్య అతిథి బెంగళూరు నుంచి రావాలి. "ఓటమికి భయపడకండి" అని ఇంగ్లిష్‌లో చెప్పి, భోజనం చేసి వెళ్లిపోతాడు. పిల్లలు చప్పట్లు కొట్టి గ్రూప్స్ కోచింగ్‌కు పోతారు. వాళ్ల తప్పేముంది? ఆయన ఓడితే అది ఉపన్యాసమైతది, వీళ్లు ఓడితే ఎనిమిదో షట్టర్.

కనుక సర్కారుకు విన్నపం: గల్లీకొక ఆదర్శ పురుషుణ్ని నియమించాలి. స్థానికుడై ఉండాలి. ఉద్దెర ఖాతా దాచకుండా చూపించాలి. ఒకసారి మూసి మళ్లీ తెరిచినవారికి ప్రాధాన్యం.

ఈ మాట చాయ్ బండి దగ్గర అన్నానో లేదో, ఆ పోస్టుకు కోచింగ్ ఇస్తానని ఒకాయన ఎనిమిదో షట్టర్ కిరాయి అడిగిపోయాడు.