ముందు షాకులు కాదు, వెనక చక్రం చూడండి

నిన్న తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద ఒక కుర్రాడు కలిశాడు. కొత్త హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిలుకూ కొండ సైకిలుకూ మధ్య రకం), ముందు లావుపాటి షాక్ అబ్జార్బర్లు, 21 గేర్లు. "అన్నా, దీని మీద శ్రీశైలం వెళ్లొచ్చా?" అన్నాడు. నేను వంగి వెనక చక్రం స్పోకులు వేళ్లతో నొక్కి చూశాను. సగం వదులుగా ఉన్నాయి. క్యారియర్ బిగించుకోవడానికి ఫ్రేముకు రంధ్రాలే లేవు. ఆ పిల్లాడు పెట్టిన డబ్బు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంది.

నాకూ రెండేళ్ల కిందట ఇలాంటిదే అంటగట్టారు. "షాకులున్నాయి సార్, గుంటలే తెలియవు" అన్నారు, నమ్మాను. ఆ చవక రకం షాకుల ఫోర్కు ఒక్కటే రెండు కిలోల పైన తూగుతుంది. లేచి నిలబడి తొక్కుతుంటే మన బలంలో కొంత ఆ స్ప్రింగే మింగేస్తుంది. మామూలు ఫోర్కు, కాస్త వెడల్పాటి టైరు ఉంటే మన రోడ్లకు చాలు. గాలి మరీ బిర్రుగా కొట్టించకపోతే 38 ఎం.ఎం. టైరే మంచి షాక్ అబ్జార్బర్.

సామాను కోసం సీటు రాడ్డుకు బిగించే క్యారియర్ ఇచ్చారు. నరసరావుపేట చేరకముందే అది పక్కకు తిరిగి, సంచి చక్రానికి రాసుకోవడం మొదలైంది. తాడుతో కట్టి లాక్కొచ్చాను. వినుకొండ ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా వెనక టప్‌మని చప్పుడు. స్పోకు తెగింది. కాసేపటికే ఇంకోటి. రిమ్ము బెండు పడి, బ్రేకు రబ్బరుకు తగులుతూ చక్రం ఆగిపోతోంది.

ఆ రెండూ గేర్ల వైపువే. వెనక చక్రం మీద మన బరువూ సామాను బరువూ పడతాయి, తొక్కే బలమూ దాని మీదే. స్పోకు వదులుగా ఉంటే చక్రం తిరిగిన ప్రతిసారీ సాగుతూ సడలుతూ, చివరికి హబ్బు (చక్రం నడిమి గుండు) దగ్గర మెడ వంపులో తెగుతుంది. గేర్ల వైపు స్పోకు మార్చాలంటే ఫ్రీవీలు, అంటే వెనక పళ్ల చక్రాల గుత్తి, ఊడదీయాలి, దానికి వేరే పానా కావాలి. వినుకొండ మెకానిక్ పెద్దాయన చేయి తిరిగిన మనిషే. కానీ ఆ పానా లేదు, ఆ పొడవు స్పోకూ లేదు. ఆయన దగ్గరున్న 28 సైజు టైరు కూడా మన సైకిలుకు పట్టదు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ పాత సైకిలు రిమ్ము 635 ఎం.ఎం., హైబ్రిడ్‌ది 622. సైకిల్‌ని ట్రాలీ ఆటోలో వేసుకుని గుంటూరు వచ్చేశాను. శ్రీశైలం దారిలోని దోర్నాల ఘాటు మొహమైనా చూడలేదు.

అందుకే అడిగిన వాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. కొనేటప్పుడు వెనక చక్రానికి 36 స్పోకులున్నాయా, హబ్బు క్యాసెట్ రకమా (పళ్ల చక్రాలను మరతో బిగించకుండా హబ్బు మీదకు తొడిగే రకం), ఫ్రేముకు క్యారియర్ రంధ్రాలున్నాయా చూడండి. ఫ్రీవీలు రకం హబ్బులో బేరింగు బాగా లోపలికి ఉంటుంది, బరువు పడితే ఇరుసు వంగే ప్రమాదం ఉంది. కొత్త సైకిలైనా సరే, చేయి తిరిగిన వాళ్ల దగ్గర స్పోకులు బిగించి బెండు తీయించండి. ఖర్చు వందల్లోనే, ఆ పని లేకుండా మాత్రం బయల్దేరకండి. వాల్వు మోటార్ సైకిలు రకమైతే ఏ ఊళ్లోనైనా గాలి దొరుకుతుంది.

గేర్లు ఎన్ని అన్నది వదిలేయండి, అన్నిటికన్నా తేలికది ఎంత తేలికో అడగండి. ముందు చిన్న పళ్ల చక్రానికి 28 పళ్లు, వెనక పెద్దదానికి 34 ఉంటే సామానుతోనూ ఘాటు ఎక్కొచ్చు. తిన్నని హ్యాండిలు పట్టుకుని ఐదారు గంటలు తొక్కితే చిటికెన వేలూ దాని పక్క వేలూ తిమ్మిరెక్కుతాయి. చివర్లకు బార్ ఎండ్స్, అంటే కొమ్ముల్లాంటి పిడులు, వేయించుకుంటే పట్టు మార్చుకోవచ్చు. లైట్లు, మడ్‌గార్డులు, రెండు నీళ్ల సీసాలు ఎలాగూ కావాలి.

ఇప్పుడు నా సైకిలుకు షాకుల్లేవు. కొలత సరిపోయే స్పోకులు నాలుగు ఫ్రేముకే టేపు చుట్టి పెట్టాను, ఆ పానా సంచిలో ఉంది.

ఆ కుర్రాడితో శ్రీశైలం వద్దనలేదు. ముందు చక్రం చేయించుకో తమ్ముడూ, ఆదివారం పది కిలోల సామాను కట్టుకుని అమరావతి దాకా వెళ్లొద్దాం, నేనూ వస్తాను అన్నాను. నాలుగున్నరకల్లా బ్యారేజీ దగ్గర ఉంటానన్నాడు.